ఫైలులో వచ్చేవి, ఊళ్ళో ఉండిపోయేవి

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టపెట్టెలు, టేపు చుట్టలు, పెట్టె మీద స్కెచ్ పెన్నుతో ‘గాజు సామాను’ అని రాయడం, బడికి వెళ్ళి టీసీ తెచ్చుకోవడం, ఏడాది మధ్యలో కొత్త తరగతి గుమ్మం దగ్గర నిలబడి ఎవరి పక్కన చోటుందా అని చూడడం, ఇవన్నీ మీలో చాలామంది ఒకటికి రెండుసార్లు పడ్డవే. మీ అమ్మగారో నాన్నగారో రైల్వేలో ఉండవచ్చు, కలైకుండ వైమానిక స్థావరంలో ఉండవచ్చు, ఇంకో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉండవచ్చు. మాదీ మీ కులమే. తెలుగు చెప్పే ఉద్యోగంతో పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాం. కాపురం పెట్టిన ఊళ్ళలో ఖరగ్‌పూర్ అయిదోది.

మాతోపాటు తిరిగే మా అబ్బాయిని మీలో కొందరు ఎరుగుదురు. నాలుగో తరగతి. పత్రికలో తన పేరు వేయవద్దన్నాడు, కాబట్టి వేయడం లేదు. వాడికి సెరిబ్రల్ పాల్సీ ఉంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడుకు దెబ్బ తగిలితే కండరాల మీద అదుపు తగ్గుతుంది. దాన్నే అలా అంటారు. అది అంటుకునే జబ్బు కాదు. తగిలిన దెబ్బ ఏటికేడు పెరిగేదీ కాదు. కానీ వ్యాయామం ఆగితే కండరాలు బిగుసుకుపోతాయి. మా వాడు కాళ్ళకు పట్టీలు కట్టుకుని వాకర్‌తో నడుస్తాడు. మాట నిదానంగా వస్తుంది. లెక్కలు మాత్రం మాకంటే వేగంగా చేస్తాడు.

ఇలాంటి పిల్లలున్న ఇంటికి బదిలీ వస్తే మనతో ఏవి వస్తాయి, ఏవి వెనక ఉండిపోతాయి? నాలుగు ఊళ్ళు మారాక మాకు తెలిసినదాన్ని మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మీ ఇంట్లో అలాంటి అన్నో చెల్లో ఉండవచ్చు. లేకపోతే మీ తరగతిలోకి రేపు ఎవరైనా రావచ్చు.

మనతో వచ్చేవి కాగితాల్లో ఉంటాయి. మా ఇంట్లో ఒక నీలం ఫైలుంది. దాన్ని సామాను లారీలో పంపం. చేతిసంచిలో పెట్టుకుని రైలెక్కుతాం. అందులో అన్నిటికంటే పైన ఉండేది యు.డి.ఐ.డి. కార్డు. అది లేని రోజుల్లో ఒక రాష్ట్రంలో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రాన్ని ఇంకో రాష్ట్రంలో ఒక కార్యాలయం కిటికీ దగ్గర చెల్లదన్నారు. మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు, మళ్ళీ వరుస. వాడికప్పుడు నాలుగేళ్ళు. ఆ వరండాలో మూడు రోజులు కూర్చున్నాం. ఇప్పుడు ‘స్వావలంబన్’ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటే, డాక్టర్లు పరీక్షించాక వచ్చే ఆ ఒక్క కార్డు దేశమంతా చెల్లుతుంది. బదిలీల మీద బతికే కుటుంబాలకు దీని విలువ ఎక్కువ.

ఆ కార్డు వెనక ఒక చట్టం ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం. అంతకుముందు 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేది. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా వంటివి, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి కూడా అందులో ఉన్నాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే, 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఇంటికి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఆ పిల్లలకుంది.

ఫైలులో తర్వాతి కాగితం ‘నిరామయ’ ఆరోగ్య బీమాది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు ఇస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే కాదు, రోజువారీ థెరపీలకూ కొంత వస్తుంది. ఏటా పునరుద్ధరించుకోవాలి. ఊరు మారే హడావిడిలో ఆ తేదీ దాటిపోకుండా మా ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది.

ఆ తర్వాత రైల్వే గుర్తింపు కార్డు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వైకల్యం ఉన్నవారికి, మేధో వైకల్యం ఉన్నవారికి, పూర్తిగా చూపు లేనివారికి స్లీపర్, మూడో తరగతి ఏసీ వంటి వాటిలో టికెట్‌పై 75 శాతం రాయితీ ఉంది. తోడు వెళ్ళే ఒకరికీ అంతే. వినికిడి, మాట రెండూ పూర్తిగా లేనివారికి 50 శాతం. ప్రభుత్వ డాక్టరు ఇచ్చిన రాయితీ పత్రం చూపించి ఈ కార్డు తీసుకోవాలి.

ఇక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్నవి. పిల్లల చదువు భత్యం వైకల్యం ఉన్న బిడ్డకు రెట్టింపు వస్తుంది. తల్లి ఉద్యోగి అయితే సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంటుంది. మామూలుగా బిడ్డకు 18 ఏళ్ళు నిండేదాకానే ఆ సెలవు. వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో ఆ వయసు పరిమితి లేదు. ఒంటరి తండ్రికీ ఈ సెలవు వర్తిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది 2014 జూన్‌లో సిబ్బంది శాఖ ఇచ్చిన ఉత్తర్వు. వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే ఉద్యోగిని, పాలనాపరమైన ఇబ్బంది లేనంతవరకు, మామూలు బదిలీల నుంచి మినహాయించమని అందులో ఉంది. 2018 అక్టోబరులో దాన్ని కొత్త చట్టానికి తగినట్టు సవరించారు. ఈ ఉత్తర్వు సంగతి తెలియని తల్లిదండ్రులను మేము ప్రతి ఊళ్ళోనూ చూశాం.

పరీక్షల సంగతి మీకే నేరుగా పనికొస్తుంది. సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట, అదనంగా ఇస్తారు. చేత్తో రాయలేనివారు చెబుతుంటే రాసే సహాయకుణ్ణి పెట్టుకోవచ్చు. ఆ గంట వాళ్ళకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మీరు మూడు గంటల్లో రాయగలిగింది రాయడానికి వాళ్ళ చేతికి నాలుగు గంటలు పడుతుంది, అంతే.

తెలుగు చెప్పేవాళ్ళం కాబట్టి అక్షరాల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేం. మీరు బెంగాల్‌కు రాగానే బస్సుల మీది అక్షరాలు కొత్తగా కనిపించి ఉంటాయి. తెలుగు ‘క’ వేరు, బెంగాలీ ‘క’ వేరు. వేళ్ళతో చదివే బ్రెయిలీలో మాత్రం రెండూ ఒకటే. మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ ఉంది. ఏ భాషలోనైనా ఒకే ధ్వనికి ఒకే చుక్కలు. చూపు లేని పిల్లవాడు విశాఖ నుంచి ఖరగ్‌పూర్‌కు బదిలీ మీద వస్తే భాష కొత్తదవుతుంది గానీ అక్షరాలు పాతవే. ఇవీ మనతో వచ్చేవాటిలో చేరతాయి.

ఇంత మందం ఫైలున్నా కొత్త ఊళ్ళో మొదటి నెల మేము తికమక పడుతూనే ఉంటాం. ఫిజియోథెరపీ ఏ గదిలో, ఏ రోజుల్లో? వాకర్ చక్రం ఊడితే బాగుచేసేదెవరు? వాకర్‌ను చూసి ముఖం చిట్లించకుండా ఎక్కించుకునే టోటో ఎవరిది? ఇవి ఏ ఉత్తర్వులోనూ ఉండవు. ఒక బదిలీలో మాకు వ్యాయామం చేయించేవారు దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. అంతకుముందు మా వాడు పట్టుకోకుండా ఆరడుగులు వేసేవాడు. ఆ నాలుగు నెలల తర్వాత రెండడుగులు. పోయిన ఆ నాలుగడుగులు తిరిగి రావడానికి ఏడాది దాటింది.

ఖరగ్‌పూర్‌లో ఆ వెతుకులాట పది రోజుల్లో తీరిపోయింది. కారణం ఇక్కడి తెలుగువాళ్ళు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే నిలిచిపోయాయి. వర్క్‌షాపులో తాత, తండ్రి, కొడుకు వరుసగా పనిచేసిన ఇళ్ళున్నాయి. మేము అద్దెకు దిగిన వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. మూడో రోజే గుమ్మంలోకి వచ్చి, “ఏటమ్మా టీచరమ్మా, బాబునలా ఇంట్లోనే కూకోబెట్టేత్తే ఎలాగ? సాయంత్రం మా అరుగు మీదకి తెచ్చీ” అన్నారు.

ఆవిడ తమ్ముడికి చిన్నప్పుడు పోలియో వచ్చిందట. అక్కగా ఆవిడే ఎత్తుకుని బడికి తీసుకువెళ్ళేవారట. మీ తరం పిల్లలకు పోలియో అంటే చుక్కల మందు రోజు మాత్రమే. దేశంలో నమోదైన చివరి పోలియో కేసు 2011 జనవరిలో ఇక్కడికి దగ్గరలోని హౌరా జిల్లాలోదే. 2014 మార్చిలో మన ప్రాంతమంతా పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోలియో పోయింది గానీ, తమ్ముడి కోసం ఆవిడ తెలుసుకున్నవి పోలేదు. ఏ ఆసుపత్రిలో ఏ వారం ఏ డాక్టరు కూర్చుంటారో, ఏ కాగితానికి ఎన్ని జిరాక్సులు అడుగుతారో, గోల్ బజార్‌లో కాలిపట్టీల తోలు కుట్టేదెవరో, అన్నీ ఆవిడకు నోటికి వచ్చు. ఆవిడ చెప్పిన టోటో అతనే ఇప్పటికీ మా వాణ్ణి వారానికి రెండుసార్లు వ్యాయామానికి తీసుకువెళుతున్నాడు. అతనూ తెలుగువాడే, ఇంట్లో ఒడియా భార్య.

వ్యాయామం చేయించే అమ్మాయి బెంగాలీ. మొదటి రోజు “పా తోలో” అంది. కాలు పైకెత్తు అని దానర్థం. మా వాడు, “కాలును తోలమంటోంది, ఇదేమన్నా ఎద్దా?” అని పగలబడి నవ్వాడు. అర్థం చెబితే ఆ అమ్మాయీ నవ్వింది. ఇప్పుడు గదిలో “తోలో” అనగానే వాడు “హెయ్, హెయ్” అని కాలును అదిలిస్తూ పైకెత్తుతాడు. మాకు తెలిసి అంత ఇష్టంగా వాడు ఏ ఊళ్ళోనూ వ్యాయామం చేయలేదు.

భాష గురించి ఇంకొక్క మాట. ఇదివరకు ఒకచోట, మాట నిదానంగా వచ్చే పిల్లవాడితో రెండు భాషలు మాట్లాడవద్దని, తెలుగు మానేయమని మాకు సలహా ఇచ్చారు. రెండు భాషలు వినడం వల్ల ఇలాంటి పిల్లలకు హాని జరుగుతుందనడానికి ఆధారం లేదు. తెలుగు మానేస్తే వాడు నాయనమ్మతో ఏ భాషలో మాట్లాడాలి? మామ్మగారి అరుగు మీద వాడు ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పేదాకా నలుగురూ ఓపికగా వింటారు. అలా విని విని, వాడి మాట ఇప్పుడు కొత్తవాళ్ళకు కూడా తెలుస్తోంది.

ఊళ్ళో దొరకనివాటికి కలకత్తా ఉంది. హౌరా ఇక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. లోకల్ రైళ్ళున్నాయి. బన్‌హుగ్లీలో శారీరక వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. 1978లో మొదలైంది. కాలిపట్టీలు, కృత్రిమ అవయవాలు, వ్యాయామ చికిత్సలకు దానికి పేరు. మేధో వైకల్యాల జాతీయ సంస్థకూ, వినికిడి వైకల్యాల జాతీయ సంస్థకూ ఆ ప్రాంతంలోనే శాఖలున్నాయి. తారాతలాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ 1974 నుంచి పనిచేస్తోంది. మాట స్పష్టంగా రాని పిల్లలు బొమ్మల పలక మీద వేలుపెట్టి తమ మనసులోది చెప్పడం అక్కడ నేర్పుతారు, తల్లిదండ్రులకూ నేర్పుతారు. వేసవిలో తెలుగు ప్రాంతానికి వెళ్ళేవాళ్ళకు సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్ గుర్తుండాలి. మేధో వైకల్యాల జాతీయ సంస్థ అసలు కార్యాలయం అక్కడే. 1984లో పెట్టారు. అక్కడ తెలుగులోనే మాట్లాడి సలహా తీసుకోవచ్చు.

ప్రయాణం మాత్రం తేలిక కాదు. మన స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేదాకా ప్రపంచంలో అదే పొడవైనదని మీరు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చదివే ఉంటారు. మా వాడికి అది పుస్తకంలో లెక్క కాదు, వాకర్‌తో ఎదురుగా కనిపించే దారి. స్టేషన్‌లో అడిగితే చక్రాల కుర్చీ ఇస్తారని మామ్మగారే చెప్పారు. ఆ రోజు కుర్చీలో కూర్చుని సగం దారి వెళ్ళాక, మిగతాది నడుస్తానని దిగిపోయాడు. రైలు వచ్చేదాకా టైముంది కాబట్టి నడవనిచ్చాం.

ఇప్పుడు అసలు విషయం. వ్యాయామం గది బయట బెంచీ మీద మాలాంటి కుటుంబాలు నాలుగైదు కలుస్తుంటాయి. రెండేళ్ళ కిందట వాటిలో ఒకరికి బదిలీ అయింది. వాళ్ళు వెళుతుంటే, వాళ్ళకు తెలిసిన సంగతులన్నీ వాళ్ళతోనే రైలెక్కి వెళ్ళిపోతున్నాయని మాకనిపించింది. వాళ్ళకు కొత్త ఊళ్ళో అవి పనికిరావు. ఇక్కడికి కొత్తగా వచ్చేవాళ్ళకు దొరకవు. ఇద్దరికీ నష్టమే. అందుకని ఒక లాంగ్‌బుక్ కొని ఆ బెంచీ దగ్గరే అరలో పెట్టాం. ఎవరికి ఏ సంగతి తెలిస్తే అది రాయాలి. బెంగాలీ, హిందీ, తెలుగు, ఏ భాషైనా సరే. పిల్లల పేర్లూ జబ్బులూ రాయకూడదు. కిటికీలు, రోజులు, వేళలు, దారులు, కావలసిన కాగితాలు మాత్రమే రాయాలి. మారిన సంగతిని కొట్టేసి పక్కన తేదీ వేయాలి.

ఇప్పుడు ఆ పుస్తకం సగం నిండింది. ‘మెట్లు లేని పోస్టాఫీసు దారి.’ ‘వినికిడి మిషను బ్యాటరీ దొరికే దుకాణం.’ ‘ఈ ఫారం మీద ఫొటో అంటించవద్దు, పిన్ను కొట్టవద్దు, విడిగా ఇవ్వండి.’ ఒక తండ్రి బెంగాలీలో తన కూతురికి తగిన టాయిలెట్ ఉన్న పార్కు పేరు రాశారు. మాకు చదవడం రాకపోతే వ్యాయామం అమ్మాయి చదివి చెప్పింది. పోయిన నెల కొత్తగా వచ్చిన ఒక కుటుంబం ఆ పుస్తకం చూసి మొదటి వారంలోనే థెరపీ మొదలుపెట్టింది. వాళ్ళ పాపకు నాలుగు నెలలు పోలేదు.

ఇక మీ వంతు. కొత్త ఊళ్ళో కుటుంబానికి దొరికే మనుషుల్లో మీరూ ఉన్నారు. మా వాడు ఈ బడిలో చేరినప్పుడు తరగతిని కింది అంతస్తులో పెట్టారు. అది పెద్దలు చేసిన పని. ఆటల పీరియడ్‌లో వాణ్ణి స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు. నెల్లాళ్ళు రాశాడు. తర్వాత తానూ బ్యాటింగ్ చేస్తానని గొడవపెట్టాడు. అప్పుడు మీలోనే ఒకరు, “వాకర్‌ను వికెట్ల పక్కన పెట్టు, కొట్టేది నువ్వు, పరుగెత్తేది నేను” అన్నారట. ఆ నియమం ఏ పెద్దవాళ్ళకూ తట్టలేదు. రెండో బంతికే అవుటయి, అవుట్ కాదని వాదించాడట కూడా. అవుటయినవాణ్ణి అవుటనే చెప్పినందుకు మీకు మా కృతజ్ఞతలు.

మిమ్మల్ని మూడే కోరుతున్నాం. సాయం చేసేముందు అడగండి. అడగకుండా ఎత్తుకుంటే, నెట్టితే వాళ్ళకు భయం వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. వాకర్, చక్రాల కుర్చీ, కర్ర, వినికిడి మిషను ఆట వస్తువులు కావు, వాళ్ళ కాళ్ళూ చెవులూ. మాట నిదానంగా వచ్చేవాళ్ళు వాక్యం పూర్తిచేసేదాకా ఆగండి, మధ్యలో మీరు అందించకండి. ఇంట్లో అన్నో చెల్లో ఇలా ఉన్నవాళ్ళకు ఇంకొకటి. వాళ్ళ వల్ల మీ ఆటలూ మీ ముచ్చట్లూ కొన్ని తగ్గి ఉంటాయి. దానికి మీకు కోపం రావడంలో తప్పు లేదు. ఆ సంగతి అమ్మతోనో, మాతోనో చెప్పండి.

మాకు ఈ ఊళ్ళో మూడేళ్ళు నిండాయి. 2014 నాటి ఉత్తర్వు ప్రకారం ఇక్కడే ఉంచమని అర్జీ పెట్టుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. మా వాడు ఇప్పుడు పట్టుకోకుండా పదకొండడుగులు వేస్తున్నాడు, వాటిని లెక్కపెట్టేదీ వాడే. ఉండమంటే సంతోషం. వెళ్ళమంటే నీలం ఫైలు చేతిసంచిలో పెట్టుకుని వెళతాం. లాంగ్‌బుక్ మాత్రం ఇక్కడి అరలోనే ఉంటుంది, అది ఈ ఊరిది. కొత్త ఊళ్ళో సామాను విప్పకముందే ఇంకోటి కొంటాం. మీరు ఏ ఊరికి వెళ్ళినా అక్కడ అలాంటిది ఒకటి ఉందేమో అడగండి. లేకపోతే మొదటి పేజీ మీరు రాయండి.